నలభై గ్రాముల సీసం

ఆటోనగర్ నాలుగో క్రాసులో
చక్రాలకి తూకం సరిచేసే కొట్టు నాది.
ఎక్కడ తేలికో అక్కడ సీసం ముక్క కొడతాను,
చక్రం వణకడం మానేస్తుంది,
డబ్బులిచ్చి వెళ్లిపోతారు.
ఇరవై రెండేళ్లుగా ఇంతే.

ఈ రిమోట్ బండిని
పటమటలో ఒక కుర్రాడు అమ్మేశాడు.
"ఇది పరిగెత్తదు అంకుల్" అన్నాడు,
గేదె తన్నుద్దని ముందే చెప్పే మనిషిలా.
మూరెడు పొడుగు లేదు. నాలుగు చక్రాలకీ పట్టు.
రాయి కనపడితే ఆగి,
చేత్తో తడిమినట్టు ముందు కాలు వేస్తుంది.
పరిగెత్తకపోవడమే నాకు నచ్చింది.

మొదటి నెల చేసిందంతా తప్పే.
టాపు మీద ఇనప క్యారియరు,
దాని మీద బుల్లి డబ్బా, బుల్లి పార,
నుదుటి మీద నాలుగు లైట్లు.
షట్టర్ దించి వెలిగిస్తే
కోటప్పకొండ ప్రభలా ఉంది.
ఆదివారం మొగల్రాజపురం కొండకి తీసుకెళ్తే
మొదటి బండకే వెల్లకిలా పడి
బొద్దింకలా గాలిలో కాళ్లాడించింది.

లేత్ మీంచి తల ఎత్తకుండానే
యేసుపాదం అన్నాడు:
"నెత్తిన బిందె పెట్టి గోడ ఎక్కమంటే
నువ్వెక్కుతావా?"

పీకేశాం, లైట్లతో సహా.
ముందు ఇరుసు చివరలకి
ఇత్తడి గుబ్బలు తనే తిప్పి ఇచ్చాడు.
చుట్టలు చుట్టలుగా రాలిన పొట్టుని
వాళ్ల రెండో పిల్ల జడలో పెట్టుకుంది,
మెడకి గుచ్చుకుంటే ఏడ్చింది.
వెనక కూర్చున్న బ్యాటరీని ముందుకి జరిపి
పట్టీ వేసి కట్టాం.

సీసం నా వంతు.
కారు రిమ్ములకి అంటించే ఐదు గ్రాముల ముక్కలు,
ముందు చక్రాల లోపల చెరి నాలుగు.
వెనక వాటికి ఏమీ లేదు.
సున్నా చూపించేదాకా మిషన్ వదలని వాణ్ణి,
కావాలని ఒక పక్కే బరువు పెడుతున్నాను.
చెయ్యి కాసేపు ఒప్పుకోలేదు.

టైర్లదీ అదే గొడవ.
గాలి తక్కువైతే డ్రైవర్లని తిట్టే నోటితో
"ఇంకా మెత్తగా, ఇంకా" అనుకుంటూ
లోపలి స్పాంజి అంచులు కత్తెరతో కోశాను.
ఇప్పుడు నొక్కితే
నిద్రపోయే పిల్లాడి బుగ్గలా లోపలికి పోతుంది.

చక్రాలు తిప్పే సర్వోకి ప్లాస్టిక్ పళ్లు,
రాయి తగిలితే మొహం తిప్పుకునేది.
ఇనప పళ్లది పదిహేను వందలు.
ఇంట్లో ఎనిమిది వందలని చెప్పాను.
రంజాన్ బీ నా వైపు చూసి,
పప్పులో ఉప్పు వేసింది.

మళ్లీ ఆదివారం. పొద్దున ఏడున్నర.
బెజవాడ ఎండకి రాయి అప్పుడే చురుక్కుమంటోంది.
పిల్లలు ఏనుగు చెవి అని పిలిచే బండ,
నా నడుము ఎత్తు, మధ్యలో అడ్డంగా పగులు.
ముందు చక్రం పగుల్లోకి వెళ్లింది.
టైరు నలిగి, పట్టుకుంది.
బొటనవేలు ఒక్క నూలు నొక్కాను.
ఇంకో నూలు.
క్రికెట్ ఆపి వచ్చిన కుర్రాళ్లు
"పడుద్ది, పడుద్ది" అంటున్నారు.
వేలు తీశాను.
జారలేదు.
నిలువునా, గోడకి బల్లిలా,
అక్కడే ఉంది.

పైకీ పోలేదు మరి.
వెనక చక్రం పగులు అంచుకి తన్ని
నాలుగుసార్లు గోకింది, అంతే.
ముందు స్ప్రింగులు ఇంకాస్త వదులు చెయ్యాలేమో,
ఒక మర, లేదా మరలో సగం.
"ఇంకో ఐదు గ్రాములు?" అన్నాడు యేసుపాదం.
వద్దన్నాను. ఎందుకో తెలీదు.
బ్యాటరీ అయిపోయేదాకా
ఎండలో నిలబడి చూశాం.

రాత్రి కొట్టు లెక్క రాసేది ఆవిడే.
"సీసం ఎనిమిది ముక్కలు తగ్గాయి" అంది.
"రాయి. నలభై గ్రాములు, సొంతానికి."
రాసింది. పెన్ను మూత పెట్టింది.
"ఎక్కిందా?"
"పడలేదు" అన్నాను.